స్కానర్ సరే చెల్లీ, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

"అక్కా, అంగడికి స్కానర్ తీసుకుందామనుకుంటున్నా. ఏ కంపెనీది మంచిది?" ఈమధ్య హెబ్బగోడి వైపున్న మన ఆడవాళ్లు ఎవరు కలిసినా ఇదే మాట. అడిగేవాళ్లలో ప్రొవిజన్ స్టోర్ నడిపేవాళ్లున్నారు, ఫ్యాన్సీ అంగడి పెట్టుకున్నవాళ్లున్నారు, ముందుగదిలో బీరువా పెట్టుకుని చీరలు అమ్మేవాళ్లున్నారు, మెడికల్ షాపులో భర్తతో పాటు కౌంటర్‌లో నిలబడేవాళ్లున్నారు. అందరికీ కలిపి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఈ నెల ముచ్చట దీనికే కేటాయించాను. తీరిక చేసుకుని చదువు.

కంపెనీ పేరు చెప్పేముందు నిన్ను కొన్ని అడగాలి చెల్లీ. నీ అంగట్లో ఎన్ని రకాల సరుకుంది? అందులో కంపెనీ నంబరు వేసి పంపేది ఎంత, నువ్వు విడిగా తూచి ఇచ్చేది ఎంత? సరుకు కొన్న బిల్లులు ఎక్కడ పెడుతున్నావు? ఖాతా పుస్తకం ఎవరు రాస్తున్నారు? ఇవి తేలితే యంత్రం ఎంపిక సగం అయిపోయినట్టే. ఇవి తేలకుండా ఎంత ఖరీదు పెట్టి స్కానర్ కొన్నా అది బీప్‌మని మోగుతుంది, అంతే. అరల్లో ఏముందో, ఏం తరిగిందో నీకు తెలియనే తెలియదు.

హెబ్బగోడి వ్యాపారం ఎలా ఉంటుందో నీకు నేను చెప్పేదేముంది! హోసూరు రోడ్డు మీద ఒకవైపు బయోకాన్, ముందుకెళితే బొమ్మసంద్ర ఫ్యాక్టరీలు, వెనక్కొస్తే ఎలక్ట్రానిక్ సిటీ. సందు సందుకీ పీజీలు, మెస్సులు. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు, వాళ్ల పక్కనే తమిళులు, ఒడియావాళ్లు, బిహారీలు. షిఫ్టు వదిలిన గంటలో అంగడి కిక్కిరిసిపోతుంది, మిగతా టైములో ఈగలు తోలుకోవాలి. జీతాలు పడేదాకా సగంమందికి ఖాతా. ఒకరికి సోనామసూరి కావాలి, ఇంకొకరికి ఉప్పుడు బియ్యం, మరొకరికి ఆవనూనె. ఇలాంటి అంగట్లో సరుకు లెక్క నోటికి పెట్టుకోవడం నిజంగా గొప్ప పనే. మన ఆడవాళ్లు చేస్తున్నారు కూడా. కానీ నోటి లెక్క బయటివాళ్ల ముందు చెల్లదు. ఆ సంగతి 2025 జులైలో బెంగళూరు అంతా చూసింది.

నీకు గుర్తుండే ఉంటుంది. యూపీఐలో వచ్చిన డబ్బు లెక్కలు పట్టుకుని కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. పాల బూత్‌లవాళ్లకు, బేకరీలవాళ్లకు, కూరగాయలు అమ్మేవాళ్లకు లక్షల్లో పన్ను కట్టమని కాగితాలొచ్చాయి. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికైతే 29 లక్షలు కట్టమని వచ్చింది. బెంగళూరులో ఎన్నో అంగళ్లలో క్యూఆర్ కోడ్ పీకేసి 'యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే' అని అట్టలు వేలాడదీశారు. ఆ నెల 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో కూర్చుని, పన్ను లేని సరుకు అమ్మేవాళ్ల దగ్గర పాత బాకీలు వసూలు చేయబోమని చెప్పాకే గొడవ సద్దుమణిగింది.

ఆ గొడవలో నన్ను ఆలోచనలో పడేసింది ఒక్కటే. పాలకు, విడిగా అమ్మే కూరగాయలకు, పళ్లకు, బ్రెడ్‌కు జీఎస్టీ లేదు. అవి మాత్రమే అమ్మేవాళ్లు అసలు రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. కానీ అదే అంగట్లో సబ్బులు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు కూడా ఉన్నాయనుకో, అప్పుడు రెండూ కలిపి ఏడాదికి 40 లక్షలు దాటితే రిజిస్టర్ చేసుకోవాలి. పన్ను మాత్రం పన్నున్న సరుకు మీదే. అంటే ఏడాది మొత్తంలో పాలు ఎంత అమ్మావు, సబ్బులు ఎంత అమ్మావు అన్నది విడదీసి చూపించగలగాలి. బ్యాంకు స్టేట్‌మెంటులో పాల డబ్బూ సబ్బు డబ్బూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూపించేది నీ బిల్లులు, నీ సరుకు లెక్క. ఆ లెక్క లేక ఆ రోజుల్లో నిద్రపోని వాళ్లెందరో! కష్టపడి నాలుగు రూపాయలు సంపాదించుకునేవాళ్లు అలా వణికిపోవాల్సిన పని లేదు. బార్‌కోడ్ గురించి నీతో ఇంత పట్టుగా మాట్లాడటానికి కారణం అదే.

ముందు ఆ గీతల్లో ఏముందో చూద్దాం. బిస్కెట్ ప్యాకెట్ వెనకున్న గీతల్లో ధర ఉంటుందని, డేటు ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఏమీ ఉండదు, ఉత్త నంబరు. 13 అంకెలు. మొదటి మూడు 890 అయితే ఆ నంబరు, ఇలాంటి నంబర్లు కేటాయించే జీఎస్‌1 ఇండియా అనే సంస్థ నుంచి తీసుకున్నదని అర్థం. సరుకు ఇండియాలోనే తయారైందని దానికి అర్థం కాదు. చివరి అంకె ముందున్న పన్నెండింటి నుంచి లెక్కకట్టి వేసేది. ఉదాహరణకు 890123456789 తీసుకో. ఒకటో, మూడో, ఐదో స్థానాల్లో అలా ఒకటి విడిచి ఒకటి కూడితే 28. మిగిలిన వాటిని కూడితే 34, దాన్ని మూడుతో గుణిస్తే 102. రెండూ కలిపితే 130. దాన్ని పదుల్లోకి తేవడానికి ఇంకేమీ కలపనక్కర్లేదు గనక చివరి అంకె 0. స్కానర్ చదివిన ప్రతిసారీ ఈ లెక్క సరిచూస్తుంది. అందుకే నలిగిన ప్యాకెట్‌ను చదవనైనా చదవదు గానీ తప్పుగా చదవడం మాత్రం చాలా అరుదు.

ఈ గీతల్ని కనిపెట్టినవాళ్లు నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు అమెరికన్లు. 1952లో పేటెంట్ వచ్చింది. అంగట్లోకి రావడానికి మాత్రం ఇరవై ఏళ్లు పైనే పట్టింది. 1974 జూన్ 26న ఒహాయోలో ట్రాయ్ అనే ఊళ్లో, మార్ష్ సూపర్‌మార్కెట్‌లో, ఒక చూయింగ్‌గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి స్కానర్ వెలుగు పడింది. క్యూఆర్ కోడ్ ఇంకా వెనక, 1994లో, జపాన్‌లో డెన్సో కంపెనీవాళ్లు కార్ల విడిభాగాల లెక్క కోసం చేసుకున్నారు. మనం డబ్బులు కట్టడానికి వాడుకుంటున్నాం గానీ, పుట్టడం సరుకు లెక్క కోసమే పుట్టింది.

గీతల్లో ధర లేదు గనక ధర చెప్పాల్సింది నీ కంప్యూటరు. ఇక్కడే మన దేశపు చిక్కు ఒకటుంది. కంపెనీ రేటు పెంచినా చాలాసార్లు నంబరు మార్చదు. పాత స్టాకు 45 రూపాయలది, కొత్త స్టాకు 48ది, రెంటి మీదా అదే నంబరు, రెండూ ఒకే అరలో. సాఫ్ట్‌వేర్ ఒక నంబరుకు ఒకే ఎంఆర్‌పీ పెట్టుకునే రకమైతే పాత ప్యాకెట్‌కు కొత్త రేటు పడుతుంది. అచ్చేసిన ధర కన్నా ఎక్కువ తీసుకోవడం నేరం, పైగా కస్టమరు ముందు పరువు పోతుంది. ఒకే నంబరు కింద రెండు మూడు ఎంఆర్‌పీలు పెట్టుకుని, స్కాన్ చేయగానే 'ఇందులో ఏది?' అని అడిగే సాఫ్ట్‌వేరే మనకు కావాలి. డెమో ఇవ్వడానికి వచ్చినవాళ్లని మొదట ఇదే చేసి చూపించమను.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. సబ్బులు, షాంపూలు, తలనూనె, టూత్‌పేస్టు 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న 12 నుంచి 5 శాతానికి దిగాయి. ఒక్క రాత్రిలో అంగట్లో సగం సరుకుకు రేటు మారాలి. సరుకుల్ని వర్గాలుగా పెట్టుకున్నవాళ్లు 'సబ్బులు' అనే వర్గం మొత్తానికి ఒకసారి మార్చేసి నిద్రపోవచ్చు. ఒక్కో పేరూ తోచినట్టు ఎక్కించుకున్నవాళ్లు ఒక్కోటీ వెతికి మార్చుకోవాలి. అందుకే చెబుతున్నా చెల్లీ, సాఫ్ట్‌వేర్‌లో సరుకు పేర్లు ఎక్కించే రోజే అసలైన రోజు. దాన్ని తొందరపడి ఎవరో కుర్రాడికి అప్పగించకు. పక్కన కూర్చో. ఒకే కందిపప్పు 'టూర్ దాల్' అని ఒకసారి, 'కందిపప్పు' అని ఒకసారి, 'తొగరి బేళె' అని ఒకసారి ఎక్కితే, మూడు పేర్ల కిందా తప్పు స్టాకే చూపిస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్ అంటావా? మన చుట్టూనే ఉన్నాయి. టాలీ బెంగళూరు కంపెనీయే, 1986 నుంచి ఉంది. నీ ఆడిటరుకు అదే అలవాటైతే నెలాఖరు లెక్కలు అప్పగించడం సులువు. వ్యాపార్ కూడా ఈ ఊరిదే. ఫోన్లోనే బిల్లు కొట్టుకోవచ్చు, చిన్న అంగడికి బాగా సరిపోతుంది. జోహో చెన్నైది, ఇంట్లో నుంచి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు పనికొస్తుంది. మందుల అంగళ్లలో మార్గ్ ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ డేటు లేకుండా అక్కడ అడుగు కూడా ముందుకు పడదు. వీటిలో ఏది గొప్పదో తీర్పు చెప్పడం నాకిష్టం లేదు. నీ అంగడి పని దానితో చేయించి చూడు. ఇరవై ఆరు కిలోల మూట కొని కిలో, అరకిలో చొప్పున అమ్మితే మూటలో ఎంత మిగిలిందో చూపిస్తుందా? పీజీ కుర్రాళ్ల ఖాతా పేరుపేరునా పెట్టుకోవచ్చా? పన్నున్న అమ్మకం, పన్ను లేని అమ్మకం నెలకోసారి విడివిడిగా తీసివ్వగలదా? నెట్ పోతే బిల్లు ఆగుతుందా? రేపు ఈ సాఫ్ట్‌వేర్ వద్దనుకుంటే నా సరుకు జాబితా, నా కస్టమర్ల బాకీలు ఎక్సెల్‌లోకి తీసుకుని వెళ్లిపోవచ్చా? ఈ చివరి ప్రశ్నకు నసిగేవాళ్ల దగ్గర అసలు కొనకు.

ఇక స్కానర్. నీ అంగడి చిన్నది, బిల్లులు తక్కువ అయితే మొదటి రెండు మూడు నెలలు ఫోన్ కెమెరాతోనే లాగించు. పైసా ఖర్చు లేదు. ఫోన్ ఎత్తి, ఫోకస్ కుదిరేదాకా ఆగి, మళ్లీ దించడం షిఫ్టు వదిలిన గంటలో నీ ఓపికను పరీక్షిస్తుంది. అప్పుడు కొను, నీకే అవసరం తెలిసొస్తుంది.

కొనేటప్పుడు పాత లేజర్ రకం కాకుండా టూడీ రకం తీసుకో. లేజర్‌ది ఎర్రటి గీత ఒకటి పారించి గీతల్ని మాత్రమే చదువుతుంది. క్యూఆర్ చదవదు, ఫోన్ తెర మీదది చదవలేదు. టూడీ రకం లోపల చిన్న కెమెరా ఉంటుంది, ఎటు తిప్పి పట్టినా చదివేస్తుంది. మందుల అంగడికైతే ఇది తప్పనిసరి అంటాను. 2023 ఆగస్టు 1 నుంచి మూడు వందల మందుల బ్రాండ్ల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ గానీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. అందులో మందు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్సు నంబరు అన్నీ ఉంటాయి. నకిలీ మందుల్ని పట్టుకోవడం కోసం పెట్టింది అది. ఆ చిన్న చతురస్రాన్ని లేజర్ స్కానర్ ఏమీ చేయలేదు.

వైరున్న టూడీ స్కానర్లు సుమారుగా రెండు వేల నుంచి ఐదు వేల మధ్య మంచివే దొరుకుతాయి. హనీవెల్, జీబ్రా, టీవీఎస్ లాంటి పేరున్నవి ఆ పైన కూడా ఉంటాయి. రేటు కన్నా ముందు చేతిలో పట్టుకుని చూడు. యూఎస్‌బీ వైరు కంప్యూటరుకు గుచ్చి, నోట్‌ప్యాడ్ తెరిచి, ప్యాకెట్‌కి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కు. ఎవరో టైపు చేసినట్టు పదమూడు అంకెలూ గబగబా పడి, కర్సర్ కింది వరుసకు దిగాలి. స్కానర్ చేసే పని మొత్తం ఇంతే. అది కీబోర్డు లాంటిదే, కాకపోతే వేళ్లు అక్కర్లేదు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా పనిచేస్తుంది. 'మా సాఫ్ట్‌వేర్‌కు మా స్కానరే కొనాలి' అని ఎవరన్నా అంటే నమ్మకు.

పరీక్షకు అంగడివాళ్లు చూపించే కొత్త డబ్బా మీద చదివించి మురిసిపోవద్దు. నీ దగ్గర్నుంచి సరుకు తీసుకెళ్లు. మెరిసే షాంపూ సాచెట్, గుండ్రటి నూనె బాటిల్, నలిగిన చిప్స్ ప్యాకెట్, ఫ్రిజ్‌లోంచి తీసి చెమ్మ పట్టిన పెరుగు ప్యాకెట్. ఇవి చదివితే మిగతావన్నీ చదువుతుంది. స్టాండు ఉన్నదైతే ఇంకా మంచిది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వైర్‌లెస్ అవసరం గోడౌన్ ఉన్నవాళ్లకే. గుడారం లాంటి చిన్న అంగట్లో అది ఏ మూల పెట్టామో వెతుక్కోవడం, ఛార్జింగ్ పెట్టడం మరిచిపోవడం, అదొక పని.

లేబుల్ ప్రింటర్ దగ్గర కాస్త నెమ్మదిగా చదువు, డబ్బు ఎక్కువ పోయేది, పొరపాట్లు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. నంబరు లేకుండా వచ్చే సరుకుకే ఇది కావాలి. ప్రొవిజన్ స్టోర్‌లో అది కొంచెమే. ఫ్యాన్సీ అంగట్లో క్లిప్పులు, గాజులు, జడగంటలు దాదాపు అన్నీ. చీరల వ్యాపారంలో పూర్తిగా అన్నీ.

రెండు రకాలున్నాయి. ఒకటి వేడి తగిలితే నల్లబడే కాగితం మీద అచ్చు వేసేది, బిల్లు కాగితం లాంటిది. రిబ్బన్ అక్కర్లేదు, చవక. నాలుగైదు వేలలో చిన్నవి దొరుకుతాయి. కానీ ఎండ, వేడి, నూనె చెయ్యి తగిలితే ఆ అచ్చు మాసిపోతుంది. రెండో రకంలో రిబ్బన్ ఉంటుంది, దాని మీది మైనపు సిరా వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది. ఏళ్ల తరబడి నిలుస్తుంది. టీఎస్‌సీ, జీబ్రా, టీవీఎస్‌లలో నాలుగంగుళాల వెడల్పు ప్రింటర్లు సుమారు పది నుంచి పదిహేను వేల మధ్య ఉంటాయి. అవి రెండు రకాలుగానూ వాడుకోవచ్చు. రోజూ అమ్ముడుపోయే పొడి ప్యాకెట్లకు, కొరియర్ చిరునామాలకు మొదటి రకం చాలు. ఏడాది పాటు అరలో కూర్చునే చీరకు రిబ్బన్ అచ్చే కావాలి. మాసిపోయిన ట్యాగు పట్టుకుని 'ఈ ధర్మవరం ఎంతకు కొన్నాం?' అని పాత పుస్తకాలు తిరగేయడం ఎంత విసుగో చీరలమ్మేవాళ్లకు చెప్పక్కర్లేదు.

రిబ్బన్లలోనూ తేడా ఉంది. మామూలు కాగితం స్టిక్కరుకు మైనం రిబ్బన్, ప్లాస్టిక్ స్టిక్కరుకు రెజిన్ కలిసినది. కాగితం స్టిక్కరుకు ఖరీదైన రెజిన్ రిబ్బన్ అంటగట్టేవాళ్లుంటారు, జాగ్రత్త. స్టిక్కరు సైజు కూడా ముందే తేల్చుకో. యాభై మిల్లీమీటర్ల పొడవు, ఇరవై ఐదు వెడల్పున్నది చాలా అంగళ్లకు సరిపోతుంది. మరీ చిన్నది కొంటే గీతలు ఇరుక్కుపోతాయి. గీతలకు రెండు పక్కలా తెల్లటి ఖాళీ ఉండాలి, అది లేకపోతే ఎంత మంచి స్కానరైనా తెల్లమొహం వేస్తుంది. మామూలు ప్రింటరు మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు వేస్తుంది. బార్‌కోడ్‌ను బొమ్మలా చేసి స్టిక్కర్‌లో పట్టేలా సాగదీసినా, నొక్కినా ఆ చుక్కల లెక్క తప్పి గీతలు అలుక్కుపోతాయి. ప్రింటరుతో వచ్చే లేబుల్ సాఫ్ట్‌వేర్‌లోనే బార్‌కోడ్ తయారు చేయించు. స్టిక్కరు మధ్యలో కాకుండా కిందికి జారి అచ్చు పడుతుంటే యంత్రం పాడైందని కంగారు పడకు. కొత్త రోలు వేసినప్పుడు దానికి స్టిక్కర్ల మధ్య సందు ఎంతో నేర్పించాలి, అంతే. అమ్మినవాళ్ల చేత ఆ పని ఎదురుగా చేయించుకుని నేర్చుకో.

నీ సొంత స్టిక్కరు మీద 890తో మొదలయ్యే నంబరు నీ ఇష్టం వచ్చినట్టు వేయకు. అది ఇంకెవరిదో అయ్యుంటుంది. నీ అంగడి వరకే అయితే కోడ్ 128 అనే రకంలో నీకు నచ్చిన గుర్తు వేసుకో. చీరకైతే ఊరు, కొన్న నెల, వరుస నంబరు కలిసేలా. వెంకటగిరి చీరలు ఇరవై కొంటే ఇరవైకీ వేరువేరు నంబర్లు ఉండాలి, ఒక్కో చీర ఒక్కో అంచు, ఒక్కో రంగు కదా. 'ఇంట్లో చూపించి తెస్తాం' అని నాలుగు చీరలు పట్టుకెళ్లేవాళ్లుంటారు. ఆ నాలుగు నంబర్లూ వాళ్ల పేరు మీద చలానాలో స్కాన్ చేసి ఇవ్వు. తిరిగొచ్చింది మూడే అయితే నాలుగోది ఏదో తెర మీదే కనిపిస్తుంది, మొహమాటపడి గొడవపడే పని ఉండదు. పట్టు మీద స్టిక్కరు అంటించొద్దు, జరీకి జిగురు పడుతుంది. అట్ట ట్యాగు కొని కుచ్చుకు కట్టు.

కందిపొడి, నల్లకారం, ఆవకాయ చేసి అమ్మే చెల్లెళ్లకు ఇంకో మాట. ప్యాకెట్ మీద బార్‌కోడ్ కన్నా ముందు ఉండాల్సినవి వేరే ఉన్నాయి: పదార్థం పేరు, నీ పేరు చిరునామా, నికర బరువు, తయారైన నెల, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఫుడ్ లైసెన్సు నంబరు. ప్రింటరులో ఒకసారి నమూనా చేసి పెట్టుకుంటే తేదీ మార్చుకుంటూ పోవచ్చు. పెద్ద సూపర్‌మార్కెట్‌కో, ఆన్‌లైన్‌కో వేసే రోజున జీఎస్‌1 ఇండియా దగ్గర నీ నంబర్లు నువ్వు తీసుకో. అప్పటిదాకా ఆ ఖర్చు వద్దు. విడి బియ్యం, పప్పు విషయంలో మాత్రం ఆలోచించి అడుగెయ్యి. మూటలోంచి తూచి ఇస్తే పన్ను లేదు. అదే నువ్వు ముందే కిలో ప్యాకెట్లు కట్టి లేబుల్ వేసి పెడితే ఐదు శాతం పడుతుంది. ప్రింటర్ కొన్న ఉత్సాహంలో అన్నిటికీ స్టిక్కర్లు కొట్టేయకుండా ఆడిటర్‌ని ఒకమాట అడుగు.

ఇవన్నీ చూసి కొనాలంటే ఇప్పుడు ప్రయాణం కూడా సులువైంది. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలైంది కదా. బయోకాన్ హెబ్బగోడి స్టేషన్లో ఎక్కి, ఆర్‌వీ రోడ్‌లో గ్రీన్ లైన్ మారి, కేఆర్ మార్కెట్‌లో దిగితే ఎస్‌పీ రోడ్ దగ్గరే. కంప్యూటర్ సామాన్లన్నీ ఆ వీధిలో ఉంటాయి. ఒక అంగట్లో అడిగి ఆగిపోకు, నాలుగైదు మెట్లెక్కు. జీఎస్టీ బిల్లు తీసుకో, వారంటీ కాగితం మీద సీరియల్ నంబరు రాయించుకో. రోలు, రిబ్బన్ రేపు హెబ్బగోడిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో దొరుకుతాయా అని ముందే కనుక్కో. ప్రింటర్ ఒకసారే కొంటాం, రోళ్లు మాత్రం ఎప్పటికీ కొంటూనే ఉండాలి.

ఇప్పుడు నా మనసులో అసలు మాట. చెల్లీ, యంత్రాలన్నీ వచ్చి కౌంటర్ మీద కూర్చున్నాక, సాఫ్ట్‌వేర్ లాగిన్ ఎవరి ఫోన్ నంబరు మీద తెరుస్తున్నారు? ఓటీపీ ఎవరికి వస్తుంది? పొద్దున ఆరింటికి షట్టర్ ఎత్తేది నువ్వు, రాత్రి పదిన్నరకు దించేది నువ్వు. లైసెన్సు నీ పేరు మీద ఉంటుంది, లోను నీ పేరు మీద ఉంటుంది. పాస్‌వర్డ్ మాత్రం మరిది దగ్గరో, అన్న కొడుకు దగ్గరో, సాఫ్ట్‌వేర్ అమ్మిన మనిషి దగ్గరో. ఎంతోమంది ఆడవాళ్ల అంగళ్లలో నేను చూసే కథ ఇదే. వాళ్లు చెడ్డవాళ్లని అనడం లేదు. సాయం చేసినవాళ్లే. కానీ నోటీసు వస్తే సంతకం పెట్టాల్సింది నువ్వు. వాళ్లు ఊరెళితే నీ స్టాకు నువ్వు చూడలేవు. 'నాకవన్నీ తెలియవులే' అని పక్కకు జరగొద్దు. వందమంది ఖాతాలు నోటికి చెప్పగల మనిషివి నువ్వు, పది బటన్లు నీకు లెక్క కాదు.

ఈమెయిల్ నీ పేరు మీద తెరువు. లాగిన్, జీఎస్టీ పోర్టల్, యూపీఐ అన్నిటికీ నీ నంబరే ఇవ్వు. అంగట్లో పనిచేసే పిల్లకు వేరే లాగిన్ పెట్టు, బిల్లు కొట్టడం వరకే దానికి అనుమతి, బిల్లు రద్దు చేయడం, రేటు మార్చడం నీ చేతిలోనే ఉండాలి. వారానికోసారి బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్ ఇంటికి తీసుకెళ్లు. డిస్ట్రిబ్యూటర్లు ఇచ్చే బిల్లుల్లో వేడి కాగితం మీద కొట్టినవి కొన్ని నెలలకే వెలిసిపోతాయి. వచ్చిన రోజే ఫోటో తీసి దాచు. జీఎస్టీ ఉన్నవాళ్లు ఆ కాగితాలు ఆరేళ్లు పైన చూపించగలగాలి.

సరుకు ఎక్కించడం ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతావేమో. ఆదివారం రాత్రి షట్టర్ దించాక సబ్బుల అర దగ్గర మొదలుపెట్టు. వాటి మీద నంబర్లు ముందే ఉంటాయి, లెక్క తొందరగా తేలుతుంది, చేతికి అలవాటవుతుంది. పక్కన ఇంకొకరు ఉండి ఎంఆర్‌పీ చదివి చెబితే ఇంకా మేలు. ఆ అర అయ్యాక పేస్టులు, నూనెలు. బియ్యం మూటలు, విడి పప్పులు చివరికి వదిలెయ్యి, వాటిని తూచడానికే ఒక పూట పడుతుంది. ఒక్కో అర పూర్తయ్యాక దాని మీద తేదీ రాసిన చిన్న కాగితం అంటించు. లెక్క అయిన అరలోంచి అమ్మింది ప్రతిదీ, ఐదు రూపాయల సాచెట్ అయినా సరే, ఆ రోజు నుంచి స్కాన్ చేసే ఇవ్వు.